కలల కారు సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, కొనమంటారా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. పోర్షే 911 నడపాలన్నది కాలేజీ రోజుల నుంచీ ఉన్న కోరిక. ఇప్పుడు 2007 మోడల్ 911 కరేరా ఎస్ ఒకటి అమ్మకానికి వచ్చింది. మాన్యువల్ గేర్లు, 48,000 కిలోమీటర్లు తిరిగింది, ముగ్గురు ఓనర్లు మారారు. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. కొత్త 911 ధరలో నాలుగో వంతు కూడా లేదు. చేతిలో ఉన్న డబ్బుకి కొంత లోన్ కలిపితే సరిపోతుంది. ఇంటి వాడకానికి వేరే కారు ఉంది. నెట్‌లో చూస్తే ఏదో బేరింగ్ పోతుంది, దాంతో ఇంజనే పోతుంది అని భయపెడుతున్నారు. మా ఆవిడేమో, ‘నీ ఇష్టం, తర్వాత మాత్రం తల పట్టుకుని కూర్చోకు’ అంటోంది. అమ్మే ఆయన, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, వారంలో తేల్చమంటున్నాడు. కొనమంటారా?

సమాధానం: లోన్ తీసుకుని, ఇంజన్ లోపల చూడకుండా అయితే కొనొద్దు. లోపల చూపించి, బాగుందని తేలి, కారు ఇంటికి వచ్చాక కూడా మీ చేతిలో డబ్బు మిగిలేలా ఉంటే నిశ్చింతగా కొనుక్కోండి. ఈ రెండూ వారంలో తేలకపోతే వారం గడిచిపోనివ్వండి. ఆ ఇద్దరిలో ఎవరైనా కొనుక్కుపోతే పోనీ. ఈ మోడల్ కార్లు ఇంకా దొరుకుతూనే ఉంటాయి.

మీ కోరికను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. మీరు చెప్పిన తరాన్ని పోర్షే కంపెనీ లెక్కలో 997 అంటారు. 2004లో వచ్చింది. 911 అంటే మన కళ్లలో మెదిలే ఆ గుండ్రటి హెడ్‌లైట్లు మళ్లీ దీంతోనే తిరిగొచ్చాయి. కరేరా ఎస్‌లో 3.8 లీటర్ల ఇంజన్, 355 హార్స్‌పవర్. వెనక చక్రాల వెనకాల కూర్చున్న ఆరు సిలిండర్ల ఇంజన్, టర్బో సాయం లేకుండా, కాలు నొక్కినంత మేరకు పలుకుతుంది. స్టీరింగ్ ఇంకా హైడ్రాలిక్కే. దీని తర్వాత 2011లో వచ్చిన 991 నుంచి ఎలక్ట్రిక్ స్టీరింగ్ పెట్టారు. రోడ్డు మీద ఏముందో చేతులకు తెలియాలనుకునేవాళ్లు 997ని వెతుక్కుంటూ వెళ్లడానికి అదొక ముఖ్య కారణం. మాన్యువల్ గేర్లతో ఉన్నది దొరికిందంటున్నారు, కాబట్టి మీరు ఎంచుకున్న మోడల్‌ను తప్పుపట్టను.

మీ ఉత్తరం నిండా మోడల్ గురించే ఉంది. మీరు కొనబోతున్నది ఒక్క కారు. ఆ ఒక్క కారు గురించి మీకు తెలిసినవి మీటర్ రీడింగ్, ఓనర్ల సంఖ్య, పెయింట్ మెరుపు. ఈ మూడింటిలో ఏదీ ఇంజన్ సంగతి చెప్పదు.

ముందు ధర. ఇలాంటి కారు ధర కొత్తప్పటి కంటే బాగా దిగిపోతుంది, దాని స్పేర్ పార్టుల ధర దిగదు. క్లచ్, వెనక టైర్లు, షాకబ్సార్బర్లు, బ్రేక్ డిస్కులు, రేడియేటర్, ఏది పోయినా బిల్లు ఆ కారు కొత్తగా ఉన్నప్పటి స్థాయిలోనే వస్తుంది. మొదటి ఓనర్‌కి అది కారు విలువలో చిన్న ముక్క. మీకు అదే బిల్లు కొన్న ధరలో గణనీయమైన భాగం. రెండో ఓనరో మూడో ఓనరో ఇలాంటి కారు అమ్మేసే వేళకు సాధారణంగా ఒక పెద్ద ఖర్చు దగ్గర పడి ఉంటుంది. ఈ అమ్మే ఆయన మోసగాడని నేననడం లేదు, ఆయనకే తెలియకపోవచ్చు. తెలుసుకోవాల్సిన బాధ్యత మాత్రం మీదే.

ఇక మీరు భయపడుతున్న బేరింగ్. దాని పేరు ఐఎంఎస్ బేరింగ్. ఇంజన్ అడుగున ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటి ఉంటుంది. క్రాంక్ షాఫ్ట్ నుంచి తిరుగుడు అందుకుని క్యామ్ షాఫ్టుల చెయిన్లను తిప్పడం దాని పని. దాని ఒక కొసన ఉండే బేరింగ్ విరిగితే ఇనప రజను ఆయిల్లో కలుస్తుంది, టైమింగ్ జారుతుంది, వాల్వులు పిస్టన్లను తాకుతాయి. అక్కడితో ఇంజన్ పని అయిపోయినట్టే. ఇది నిజమైన జబ్బే, పుకారు కాదు. అమెరికాలో ఓనర్లు కోర్టుకెక్కితే పోర్షే రాజీకొచ్చింది కూడా. కానీ ఆ రాజీ కిందికి వచ్చినవి 2001 నుంచి 2005 దాకా వచ్చిన మోడళ్లు. వాటిలో ఉన్నది చిన్న బేరింగ్. 2006 మోడళ్ల నుంచి పెద్ద బేరింగ్ వేశారు, అది విరిగిన సందర్భాలు చాలా తక్కువ. మీరు చూస్తున్నది 2007 మోడల్. ఇందులో ఇంజన్ కేస్ విప్పకుండా ఆ బేరింగ్‌ను మార్చడం కూడా కుదరదు. కాబట్టి దాని మీద బెంగ పెట్టుకోకండి. ‘ఐఎంఎస్ అప్‌గ్రేడ్ చేయించాం’ అని ఎవరైనా చెబితే మాత్రం ఇంజన్ ఎందుకు విప్పారో, ఎక్కడ విప్పారో బిల్లుతో సహా అడగండి.

మీ కారు విషయంలో అసలు భయపడాల్సింది సిలిండర్ల గురించి. నెట్‌లో బేరింగ్ గోల ఎక్కువ కావడంతో చాలామంది ఈ సంగతి అడగడమే మర్చిపోతున్నారు. ఈ ఇంజన్ బ్లాక్ అల్యూమినియంది. సిలిండర్‌లో ఇనప స్లీవ్ ఉండదు, సిలికాన్ కణాలు కలిపిన అల్యూమినియం గోడ మీదే పిస్టన్ ఆడుతుంది. పిస్టన్ పక్కల మీద ఒక పల్చటి పూత ఉంటుంది. ఆ పూత అరిగి ఊడిందంటే అల్యూమినియం మీద అల్యూమినియం రాసుకుని గోడ మీద నిలువు గీతలు పడతాయి. దీన్ని బోర్ స్కోరింగ్ అంటారు. 3.8 లీటర్ల ఇంజన్‌లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, అందులోనూ 4, 5, 6 నంబరు సిలిండర్ల వైపు. గీతలు ముదిరితే ఇంజన్ దించాలి, మొత్తం విప్పాలి, సిలిండర్లకు కొత్త స్లీవులు వేయించాలి, పిస్టన్లు మార్చాలి. ఆ ఖర్చు కారు ధరతోనే పోటీ పడుతుంది.

బయటికి తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒక పక్క నుంచి సన్నగా టక్ టక్ మని చప్పుడు. రెండు సర్వీసుల మధ్య మాటిమాటికీ ఆయిల్ పోయాల్సి రావడం. రెండు సైలెన్సర్ గొట్టాల్లో ఒకటి మామూలుగా ఉండి రెండోది నల్లటి మసితో జిడ్డుగా ఉండటం. తెల్లటి గుడ్డ తీసుకెళ్లి రెండు గొట్టాల లోపలా తుడిచి చూడండి. తేడా ఉంటే జాగ్రత్త పడండి. అయితే గొట్టాలు రెండూ శుభ్రంగా ఉన్నాయని ఇంజన్ బాగున్నట్టు అనుకోవడానికి లేదు. కారు చూపించే ముందు గొట్టాలు కడిగి ఉంచడం ఎవరికైనా రెండు నిమిషాల పని.

అందుకే కెమెరా పెట్టించాలంటున్నాను. బోరోస్కోప్ అని సన్నటి వైరు కొసన కెమెరా ఉంటుంది. స్పార్క్ ప్లగ్ తీసి పైనుంచి దింపి చూడటం తేలిక, చాలా వర్క్‌షాపులు అంతటితో సరిపెడతాయి. కానీ గీతలు గోడ కింది భాగంలో మొదలై ఉంటే పైనుంచి అంత బాగా దొరకవు. కారును లిఫ్ట్ మీద ఎక్కించి, ఆయిల్ దించి, అడుగున ఆయిల్ నిలిచే తొట్టి మూత, అంటే సంప్ ప్లేటు తీసి, పిస్టన్ పైకి జరిపి, కింద నుంచి చూడమనండి. బాగున్న గోడ అంతా ఒకే తీరు బూడిద రంగులో, మెత్తగా మెరుగు పెట్టినట్టు ఉంటుంది. దెబ్బతిన్న గోడ మీద పై నుంచి కిందికి ముదురు రంగు చారలు, గోకినట్టు, స్పష్టంగా కనిపిస్తాయి. ఆరింటికీ ఫోటో తీసి, ఏది ఏ సిలిండరో నంబరు వేసి ఇమ్మనండి. ఎలాగూ ఆయిల్ దించుతారు కాబట్టి పాత ఫిల్టర్‌ను పారేయనివ్వకండి. దాని కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడండి. మెరిసే రేకుల్లాంటివి కనిపిస్తే ఇంజన్ లోపల ఏదో అరుగుతున్నట్టే. ఈ తనిఖీ ఖర్చు, కొత్త ఆయిల్, ఫిల్టర్ ఖర్చు మీరే పెట్టుకుంటానని అమ్మే ఆయనతో ముందే చెప్పండి. అప్పుడు కాదనడానికి ఆయనకు కారణం ఉండదు. అయినా వద్దంటే అదే మీ జవాబు, తిరిగొచ్చేయండి.

వర్క్‌షాపు మీరు ఎంచుకున్నది కావాలి, ఈ ఇంజన్లు విప్పి కట్టిన అనుభవం ఉన్నది కావాలి. అమ్మే ఆయన మెకానిక్ ఎంత మంచివాడైనా ఈ పనికి పనికిరాడు.

కెమెరా పనితో పాటు ఇంజన్ కంప్యూటర్ రిపోర్టు కూడా తీయించండి. డీఎంఈ రిపోర్టు అంటే వాళ్లకు తెలుస్తుంది. అందులో రెండు సంగతులు చూడాలి. మొదటిది, ఇంజన్ ఇప్పటిదాకా మొత్తం ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది. 48,000 కిలోమీటర్లకు 1,500 గంటలు వస్తే సగటు వేగం గంటకు 32 కిలోమీటర్లు, నమ్మదగ్గ లెక్క. అదే 3,000 గంటలని వచ్చిందనుకోండి, సగటు 16కి పడిపోతుంది. అప్పుడు ఆ కారు బతుకంతా ట్రాఫిక్‌లో నిలబడి అయినా ఉండాలి, లేదా మీటర్ తిప్పి అయినా ఉండాలి. పాత సర్వీసు బిల్లుల మీద తేదీ పక్కన రాసిన కిలోమీటర్లతో పోల్చి చూస్తే ఏదో తేలిపోతుంది.

రెండోది ఓవర్ రెవ్. ఇంజన్ తన హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో ఈ తరం కార్లలో ఆరు అంచెలుగా నమోదవుతుంది. కింది అంచెల్లో అంకెలు ఉంటే కంగారు పడక్కర్లేదు, ఇంజన్ తిరిగే వేగానికి కళ్లెం వేసే రెవ్ లిమిటర్ దాకా లాగి నడిపినా వస్తాయి. నాలుగు, ఐదు, ఆరు అంచెలు మాత్రం వేరు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లిమిటర్ ఇంజన్‌ను అంత పైకి పోనివ్వదు. మంచి వేగంలో ఉండగా నాలుగో గేర్ వేయబోయి రెండో గేర్‌లో పడితే చక్రాలే ఇంజన్‌ను బలవంతంగా తిప్పేస్తాయి, అలా వచ్చే అంకెలవి. మాన్యువల్ కారు కాబట్టి మీకు ఇది తప్పనిసరి. అది ఎన్నో గంట దగ్గర జరిగిందో కూడా రిపోర్టులో ఉంటుంది. వందల గంటల కిందట జరిగి, ఆ తర్వాత ఇంజన్ నిక్షేపంగా నడుస్తుంటే దాన్ని దాటేయవచ్చు. మొన్నమొన్నే జరిగి వెంటనే అమ్మకానికి పెట్టినట్టు కనిపిస్తే నేనైతే ఆ కారు జోలికి పోను.

బాడీ దగ్గర ఎక్కువ సేపు ఆగను. పెయింట్ మందం కొలిచే గేజ్ ఒకటి పట్టుకెళ్లండి, అల్యూమినియం మీద కూడా చదివేది తీసుకోండి. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క తలుపు మీదో ఫెండర్ మీదో 300 దాటి చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టే అనుకోండి. ముందు బోనెట్ ఎత్తితే లోపలి పక్క ఒక కాగితం స్టిక్కర్ ఉండాలి, కారు ఛాసిస్ నంబరు, ఫ్యాక్టరీలో వేసిన ఆప్షన్ల కోడ్‌లు అందులో ఉంటాయి. స్టిక్కర్ లేకపోతే బోనెట్ మార్చారా, రంగు వేశారా అని అడగాలి. ఆ కోడ్‌లలో 450 ఉంటే ఫ్యాక్టరీ సిరామిక్ బ్రేకులతో వచ్చిన కారు, బ్రేక్ డిస్కును పట్టి ఆపే క్యాలిపర్లు పసుపు రంగులో ఉంటాయి. ఎర్రవైతే మామూలు ఇనప డిస్కులు. మీ వాడకానికి ఎర్రవే మేలు. సిరామిక్ డిస్కులు మార్చాల్సి వస్తే వచ్చే బిల్లుకు సిద్ధపడినవాళ్లకే పసుపు క్యాలిపర్లు. ఇంకొకటి, ముందు బంపర్‌లోని గాలి రంధ్రాల్లోకి టార్చి వేసి చూడండి. అక్కడ ఆకులు, చెత్త చేరి తడిసి మగ్గి ఏసీ కండెన్సర్లను తినేస్తాయి. లోపల ఆకులు కుక్కుకుని ఉన్నాయంటే ఓనర్లు దీన్ని ఏపాటి శ్రద్ధగా చూసుకున్నారో కూడా తెలిసిపోతుంది.

తక్కువ తిరిగిన కారు అని మీరు సంబరపడుతున్నట్టున్నారు. నాకు ఆ మాట వింటే అనుమానమే పెరుగుతుంది. ఇన్నేళ్లకు 48,000 అంటే ఎక్కువ కాలం నిలబడే ఉంది. నిలబడిన కారులో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, చిన్న చిన్న దూరాలకే తీస్తే ఇంజన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కక అందులో నీరు చేరుతుంది. వారానికోసారి దూరం నడిపి, ఏటా ఆయిల్ మార్చిన లక్ష కిలోమీటర్ల కారుకూ, మూత కప్పి ఉంచిన 48,000 కారుకూ మధ్య ఎంచుకోమంటే, బిల్లులన్నీ ఉన్న మొదటి దాని వైపే నేను మొగ్గుతాను.

టైర్ల దగ్గర ఈ సంగతి ప్రాణాల మీదికి వస్తుంది. తక్కువ తిరిగిన కారుకు టైర్ల మీది గాడులు లోతుగానే ఉంటాయి, చూడ్డానికి కొత్తవే అనిపిస్తాయి. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు వెతకండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని. కొన్నిసార్లు ఆ అంకెలు లోపలి వైపు గోడ మీద ఉంటాయి, కారు లిఫ్ట్ మీద ఉన్నప్పుడే చూసేయండి. 2013 నవంబరులో నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదం గుర్తుందా? అది పోర్షే కరేరా జీటీ. కారణం అతివేగమని దర్యాప్తు తేల్చింది, ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివని కూడా నమోదు చేసింది. రబ్బరు గట్టిపడితే పట్టు పోతుంది, 355 హార్స్‌పవర్ వెనక చక్రాల మీద ఉన్న కారులో అది ఆటలు కాదు. ఆరేళ్లు దాటిన టైర్లు ఉంటే నాలుగూ మార్చే ఖర్చు బేరంలోనే తగ్గించండి, మార్చాకే కాలు నొక్కండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే సైలెన్సర్ గొట్టం మీద చెయ్యి వేయండి. వెచ్చగా తగిలితే ఆ రోజుకు వచ్చేసి ఇంకోరోజు వెళ్లండి. చల్లటి ఇంజన్ మొదటి అర నిమిషంలో చేసే చప్పుడు, వదిలే పొగ వేడి ఇంజన్ దాచేస్తుంది. స్టార్ట్ చేసినప్పుడు గుప్పున దట్టంగా తెల్లటి పొగ వచ్చి ఆగకపోతే ఇంజన్ లోపలి ఆవిరిలోంచి ఆయిల్‌ను వేరు చేసే ఎయిర్ ఆయిల్ సెపరేటర్ పోయి ఉండొచ్చు. కాస్త పొగ వచ్చి తేలిపోతే ఈ రకం ఇంజన్లకు మామూలే.

కాగితాల్లో సర్వీసు పుస్తకం మీద స్టాంపులు చూసి తృప్తి పడకండి. బిల్లులు అడగండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ పార్టు మార్చారో బిల్లు చెబుతుంది. ముగ్గురు ఓనర్లలో ఎవరి కాలం బిల్లులు లేవో చూడండి. కుదిరితే పాత ఓనర్‌తో ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి. అమ్మేసిన మనిషికి దాచాల్సిన అవసరం ఉండదు, ఎందుకు అమ్మారంటే చాలావరకు నిజమే చెబుతారు.

ఇప్పుడు డబ్బు. లోన్ దగ్గర నేను గట్టిగా వద్దంటున్నాను. చేతిలో ఉన్నదంతా ఊడ్చిపెట్టి, పైన ఈఎంఐ కూడా మొదలయ్యాక క్లచ్ పోయిందనుకోండి. కారు షెడ్డులో ఉంటుంది, వాయిదా మాత్రం నెలనెలా వెళ్తుంది. ఇలాంటి కార్లు సగం రిపేరుతో మళ్లీ అమ్మకానికి వచ్చేది ఇలాగే. నా లెక్కలో, కొన్న ధరలో కనీసం ఐదో వంతు విడిగా బ్యాంకులో పెట్టాకే కారు ఇంటికి తేవాలి. మొదటి ఏడాదిలోనే టైర్లు, ఇగ్నిషన్ కాయిల్స్, వాటర్ పంపు, అన్ని ఆయిళ్లు, బహుశా క్లచ్ కూడా అడుగుతుంది. ఇన్సూరెన్స్ ఎంత పడుతుందో కొనకముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీ ఆవిడ మాటలో కోపం లేదు, భయం ఉంది. పక్కన పెట్టిన డబ్బు ఎంతో, అది ఇంటి ఖర్చుల్లోంచి రావడం లేదని ఆమెకు కాగితం మీద చూపించండి. నిజానికి ఆ లెక్క ఆమెతో కలిసి వేస్తేనే మీకూ స్పష్టంగా తెలుస్తుంది.

ఆ లెక్క కుదరకపోతే కోరిక వదులుకోనక్కర్లేదు, ఇంకో రెండు దారులున్నాయి. 2009 మోడల్ నుంచి 997లో ఇంజన్‌ను పూర్తిగా కొత్తగా చేశారు, ఇంటర్మీడియట్ షాఫ్టే లేదు. కరేరా ఎస్‌కు 385 హార్స్‌పవర్ వచ్చింది. ధర ఎక్కువ పెట్టాలి, కానీ ఇంకో ఏడాదో రెండేళ్లో డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నవాళ్లు రాత్రిళ్లు హాయిగా నిద్రపోతారు. రెండోది, అదే 2009 నుంచి 2012 దాకా వచ్చిన పోర్షే వాళ్ల ఇంకో స్పోర్ట్స్ కారు, కేమన్. అదే కుటుంబం ఇంజన్, మధ్యలో కూర్చుంటుంది. మలుపుల్లో దాని నడక చూస్తే 911 కోసమే ఎందుకు పట్టుబట్టాలా అనిపిస్తుంది. వెనక చిన్న సీట్లు ఉండవు, అంతే. ఒకసారి నడిపి చూడండి, కొనకపోయినా పరవాలేదు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. అమ్మే ఆయనకు ఫోన్ చేసి, సంప్ ప్లేటు తీసి కెమెరాతో చూపించడానికి, డీఎంఈ రిపోర్టు తీయించడానికి ఒప్పుకుంటారా అని అడగండి, ఖర్చు నాదే అని చెప్పండి. ఒప్పుకుంటే చిన్న అడ్వాన్స్ ఇవ్వండి, తనిఖీలో లోపం తేలితే తిరిగిచ్చేలా కాగితం మీద రాయించుకోండి. ఫోటోలు వచ్చాక నాకు పంపండి, ఆరు సిలిండర్లవీ, నంబర్లతో. 4, 5, 6 ముందు చూస్తాను.